మామయ్య చేతి పువ్వు

జూన్ 10

ముందుగా క్షమాపణ. నా రాత బాగుండదు. ఏడో తరగతితో బడి ఆగింది, ఒత్తులు కూడా అక్కడే ఆగిపోయాయి. గీత మీద మొదలుపెడితే గీత కిందికి జారిపోతాను. ఎవరి చేతిలోనైనా ఈ డైరీ పడితే తప్పులు చూసి నవ్వకండి. పడకూడదనే బియ్యం డబ్బా వెనక పెడుతున్నాను.

దీన్ని మందుల షాపువాళ్లు మా ఆయనకు ఇచ్చారు. ఈయన తెచ్చి నా ఒళ్లో పడేశాడు. "రాసుకో జోస్నా. నాతోనైతే మాట్లాడవు, గీ కాయితంతోనన్న మాట్లాడు" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. మాట్లాడకూడదని కాదు. నోరు తెరిచేసరికి మాట ఎండిపోతుంది.

జూన్ 11

ఈ ఇంట్లో మాట్లాడనివాళ్లం ఇద్దరం. నేను, మామయ్య. నాకు సిగ్గు, ఆయనకు పక్షవాతం. పోయిన క్రిస్మస్‌కు ముందు పడిపోయాడట. కుడి చెయ్యి, కుడి కాలు, మాట పోయాయి. నా పెళ్లి ఫిబ్రవరిలో. మామయ్య పేరు కొమరయ్య. క్వారీలో కొమరయ్య రాయి కొడితే గుట్ట అవతలికి వినిపించేదట, గొంతు అంతకన్నా పెద్దదట. ఆ గొంతు నేను వినలేదు. నేను వచ్చేసరికి మిగిలింది ‘ఆ’ ఒక్కటే. ఆకలికి ఆ, నొప్పికి ఆ, ఫ్యానుకు ఆ.

ఈయనకు అన్న ఉన్నాడు, స్టీఫెన్ బావ. బావ భార్య రెబెక్కక్క. మీర్‌పేటలో ఉంటారు. పోయిన ఆదివారం చర్చి అయ్యాక అక్క అంది, "మామను జూసుకోనీకె ఒక మనిషి గావాలనే గదా శాంసన్‌కు గంత తొందరగ పెండ్లి చేసింది." అక్క మంచిదే. మనసులో ఏదీ దాచుకోదు.

జూన్ 14

ఈరోజు బావ, అక్క వచ్చారు. గొడవైంది.

అత్తమ్మ పోయి చాలా ఏళ్లయింది. ఆగస్టులో ఆమె జ్ఞాపకార్థ కూడిక. ఏటా ఇంట్లోనే ప్రార్థన పెట్టేవాళ్లు. ఈసారి ఊళ్లో సమాధి దగ్గరే పెట్టి, పేరు చెక్కించిన నల్లరాయి నిలబెట్టాలని బావ పట్టుదల. ఊరంటే చౌటుప్పల్ దాటి లోపలికి పోవాలి. గుట్ట కింద సమాధుల తోట ఉందట. రాళ్లూ సిలువలూ లేని మట్టి కుప్పలు, వానలకు ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. మే నెలలో అన్నదమ్ములు పోయి చూశారు. ఎండకు ఒక్క గడ్డిపోచ లేదట. మీ అమ్మది వేపచెట్టు పక్కనేనని ఊరి పెద్దమనిషి చూపించాడు. అత్తమ్మ పోయినప్పుడు ఈయన చిన్నవాడు. బావ హాస్టల్ నుంచి వచ్చేసరికి మట్టి వేసేశారు. తర్వాత ఏటా మామయ్య ఒక్కడే బస్సెక్కి పోయి చీకటిపడేలోగా వచ్చేవాడట. కొడుకులు వస్తామంటే, మీకు బడి ఉంది, పని ఉంది అనేవాడట.

బావ భోజనం దగ్గర ఫోను తీసి మామయ్యకు వేపచెట్టు ఫోటో చూపించాడు. "నాయినా, గీడనే పెడుతున్నం రాయి. మంచిగున్నదా?"

మామయ్య చూశాడు. ఎడమ చేత్తో ఫోనును కొట్టాడు. అది పోయి పప్పుగిన్నెలో పడింది. ఆ, ఆ, ఆ అని ఒకటే అరుపు. ఆ ఎడమ చేతినే పైకెత్తి, మణికట్టు కిందికి వంచి, వేళ్లన్నీ వెనక్కి విరిచి ఆడించాడు. మళ్లీ మళ్లీ అదే.

అక్క ఫోను కడుగుతూ, "ఇగ మతి పూర్తిగ పోయింది. ఆ పిల్ల ఒక్కతే పొద్దంతా ఎట్ల ఆపుతది? నాదర్‌గుల్ కాడ ఆశ్రమం ఉన్నది, మా ఆఫీసుల ఒకామె వాళ్ల తండ్రిని పెట్టింది" అంది. ఈయన తల వంచుకున్నాడు. బావ, "కూడిక కానీ. అయినంక జూద్దాం" అన్నాడు.

మంచిదే. పంపితే నాకు పని తక్కువ.

జూన్ 15

నిజంగానే పని తక్కువవుతుంది. బట్టలు, మందులు, స్నానం. నేనెందుకు వద్దంటాను.

జూన్ 19

ఈయన ఏసీ మెకానిక్. వానలు మొదలైతే పని పడిపోతుంది. మధ్యాహ్నానికే ఇంటికి వస్తున్నాడు. ఇంట్లో మగమనిషి ఉంటే నాకు ఎటు కూర్చోవాలో తెలియదు.

మామయ్య ఈరోజు కూడా చేతితో అదే చేశాడు. "గది రోగమే జోస్నా, చెయ్యి గట్ల ఒంకరపోతది" అన్నాడు ఈయన. నేను అవునన్నాను. వంట చేస్తుంటే గుర్తొచ్చింది. రోగం కుడిచేతిది. ఆడించేది ఎడమచెయ్యి. అది బాగున్న చెయ్యి.

చెప్పాలని గుమ్మం దాకా పోయి, మంచినీళ్లు కావాలా అని అడిగి వచ్చేశాను.

జూన్ 23

చెప్పేశాను. చపాతీ వడ్డిస్తూ పళ్లెం వైపు చూసి చెప్పాను. "అది ఎడమచెయ్యి."

ఈయన చపాతీ కింద పెట్టాడు. లేచి చేతులు కడుక్కున్నాడు. తర్వాత మామయ్య మంచం దగ్గర కూర్చుని, "నాయినా, ఏంది? కోడిజుట్టా? ఎండ్రికాయనా?" అని మొదలుపెట్టాడు. మామయ్య ప్రతిదానికీ తల అడ్డంగా ఊపాడు. "కిరీటమా? కిరాయి కట్టలేదా?" అంటే మామయ్య ఎడమ పెదవి మాత్రం నవ్వింది. నేను కొంగు అడ్డం పెట్టుకున్నాను.

జూన్ 28

వాన తెరిపిచ్చింది. మామయ్యను మేడ మీద కుర్చీలో కూర్చోబెట్టాను. అక్కడ ఇంటి ఓనరు లలితకుమారిగారి కుండీలు ఉంటాయి. ఆమెది రాజమండ్రి వైపు. వచ్చి పాతికేళ్లయినా మాట మారలేదు.

మామయ్య కుర్చీ పక్కనున్న మందారం కొమ్మ పట్టుకున్నాడు. పువ్వును పక్కకు తోసి, అది ఉన్నచోట తన చేతిని కిందికి వేలాడదీశాడు. వేళ్లు వెనక్కి విరిచాడు. నా వైపు చూశాడు.

"పువ్వా, మామా?" అన్నాను.

ఆయన కళ్లు మూసుకుని ఆఁ అని పొడుగ్గా అన్నాడు. ఎన్నాళ్లకో దించిన మూటలాగ.

లలితకుమారిగారు నీళ్లు పోస్తూ, "ఏంటమ్మా, మీ మామగారు నా మందారం పీకేస్తున్నారేంటి?" అంది. "ఏదో పువ్వు కావాలంటున్నాడండీ" అన్నాను. ఆమెతో నేను మాట్లాడటం ఇదే మొదలని తర్వాత గుర్తొచ్చింది.

జూలై 4

ఈయన రోజుకో పువ్వు తెస్తున్నాడు. దిల్‌సుఖ్‌నగర్ బస్టాండు దగ్గర పూలవాళ్లందరికీ తెలిసిపోయాడట. గులాబీ తెచ్చాడు, కాదు. తామరమొగ్గ, కాదు. ప్లాస్టిక్ కాయితంలో చుట్టిన తెల్ల లిల్లీ తెచ్చినప్పుడు మామయ్య దాన్ని చాలాసేపు తిప్పి తిప్పి చూశాడు. రేకులు పట్టుకుని వెనక్కి వంచబోయాడు. విరిగిపోయాయి. తల ఊపాడు. దగ్గరికి వచ్చారు కాని అది కాదు అన్నట్టు.

"లిల్లీ లెక్కనే ఉంటది, లిల్లీ కాదు. ఇగ నేను పరేషాన్" అని ఈయన కూలబడ్డాడు.

కాదన్న పువ్వులన్నీ నాకే వస్తున్నాయి. ఈరోజు తలలో పెట్టుకున్నాను. ఈయన చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి. ఈయనకు కూడా సిగ్గని నాకు తెలియదు.

జూలై 12

టీ పెడుతుంటే మామయ్య స్టవ్ వైపు చూపించి ఆ అన్నాడు. టీ కావాలేమో అనుకున్నాను, కాదు. మంట చూపించాడు. దాని పైకొస చూపించాడు. తర్వాత నా చీర ఎర్ర అంచు, పసుపు డబ్బా. కింద పసుపు, పైన ఎరుపు. రేకు రంగు. నేను చెప్పిన ప్రతిదానికీ ఆయన తల ఊగుతుంటే పరీక్ష రాసినట్టుంది. బడిలో ఎప్పుడూ ఇన్ని జవాబులు చెప్పలేదు.

చివర ఆయన చిటికెన వేలును నా గాజుకు తగిలించి చుట్టూ వంచాడు. వదలలేదు. అది మాత్రం అర్థం కాలేదు.

జూలై 16

ఎల్బీనగర్ దాటాక సాగర్ రోడ్డు మీద ఒక నర్సరీ ఉంది. అక్కడ మొక్కలు అమ్మే మట్టయ్యది నల్లగొండ వైపు అని తెలిసి ఈయన నన్ను బండి మీద తీసుకుపోయాడు. లలితకుమారిగారు మామయ్య దగ్గర కూర్చుంది. పెళ్లయ్యాక ఈయనతో బయటికి పోవడం, చర్చి కాకుండా, ఇదే మొదలు.

ఈయన రంగు చెప్పాడు, వేలాడటం చెప్పాడు. మట్టయ్య కుండీలో మన్ను నింపుతూ ఊఁ కొట్టాడు. వేలు సంగతి ఈయనకు తెలియదు. నేనే చెప్పాల్సి వచ్చింది. నా గాజుకు నా వేలు తగిలించి చూపించాను.

"ఆకు కొస వంకీ తిరిగి పట్టుకుంటదా?" అన్నాడు మట్టయ్య. "అయితే నాభి. అడవి నాభి. గుట్టల మీద పూస్తది, ఇప్పుడే దాని దినాలు. గది నేను అమ్మను బిడ్డా. గడ్డంతా విషం. మేక గూడ ముట్టది."

"ఎక్కడ పడితే అక్కడ మొలుస్తదా?" అడిగాడు ఈయన.

"ఏడ మొలుస్తది? దానికి పట్టుకోనీకె ముండ్లకంపనో తుప్పనో ఉండాలె. ఒట్టి నేల మీద దానంతట అది లేవది. లేచిందంటే ఎవడో గడ్డ పెట్టి, కట్టె పాతినట్టు. ఎండకాలం పోయి చూస్తే ఉన్నదో సచ్చిందో తెల్వదు. భూమిల పండుకుంటది. వాన పడ్డంక లేస్తది."

ఈయన ఫోనులో ఆ పేరు కొట్టి చూపించాడు. వచ్చింది. తల కిందికి వేలాడేసి, రేకులన్నీ పైకి విరిచి, అంచులు ముడతలు పడి, కింద పసుపు పైన ఎరుపు. అచ్చం మామయ్య చెయ్యి.

వచ్చేటప్పుడు వాన పడింది. ఫ్లైఓవర్ కింద బండి ఆపాడు. "నీకు గింత తెలివి ఉన్నదని చెప్పలే ఎన్నడు" అన్నాడు. వాన ఆగాక కూడా కొంచెంసేపు అక్కడే ఉన్నాం.

జూలై 17

ఫోటో చూపించాం. మామయ్య ఫోనును గుండెకు ఆనించుకుని ఏడ్చాడు. భోజనం రెండోసారి అడిగి తిన్నాడు.

జూలై 20

నేనే చెడగొట్టాను. తెలియకపోయినా బాగుండేది.

ఈయన సంతోషం ఆపుకోలేక బావకు ఫోనులో అంతా చెప్పాడు, మట్టయ్య విషమన్న మాటతో సహా. గంటలో ఇద్దరూ వచ్చేశారు. అక్క మొహం తెల్లబడింది. "విషంగడ్డ అడుగుతున్నడా? గా పువ్వు కోసమేనా ఇన్ని దినాలు? సావనీకె చూస్తున్నడు, మీకు సమజ్ అయితలేదా?"

"కాదు వదినా" అన్నాడు ఈయన.

"మరెందుకు? నువ్వు చెప్పు. కాలు చెయ్యి పడిపోయినోడు విషంమొక్క అడిగితే ఎందుకు?"

ఈయన నా వైపు చూశాడు. నేను నేల వైపు చూశాను. బావ మామయ్య మంచం మీద కూర్చుని ఏడ్చాడు. మామయ్య బావ వీపు మీద చెయ్యి వేసి, ఇంకోపక్క తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాడు. ఎవరూ చూడలేదు. "కూడిక అయిన మరునాడే నాదర్‌గుల్. ఆడ రాత్రింబవళ్లు కాపలా ఉంటది" అన్నాడు బావ. కూడికకు మామయ్యను తీసుకుపోవద్దని కూడా తేల్చేశారు. గుట్ట మీద ఆ మొక్క ఉంటుంది కదా.

జూలై 21

కత్తిపీట, మందుల డబ్బా అటక మీద పెట్టమన్నాడు ఈయన. పెట్టాను. మామయ్య చూస్తూనే ఉన్నాడు.

జూలై 28

నాదర్‌గుల్ చూసి వచ్చాం. ఆశ్రమం శుభ్రంగా ఉంది. మంచాలకు నీలం దుప్పట్లు. పక్కనే విమానాలు నడపడం నేర్పే చోటు ఉందట, చిన్న విమానాలు తలల మీదుగా తిరుగుతున్నాయి. వరండాలో ముసలివాళ్లు వరసగా కూర్చుని పైకి చూస్తున్నారు. ఒకరితో ఒకరు మాట్లాడటం లేదు. అక్కడి ఆమె మంచిగా మాట్లాడింది. "మాట రాకుంటే మాకే నయమమ్మా, లొల్లి ఉండదు" అంది.

వచ్చేటప్పుడు ఈయన బండి మెల్లగా నడిపాడు. మీర్‌పేట దగ్గర ఆపి, చెరుకురసం తాగుదామన్నాడు. తెచ్చుకుని ఇద్దరం తాగలేదు.

పని తక్కువవుతుంది. మధ్యాహ్నాలు నిద్రపోవచ్చు. నేను అక్కడ కూర్చుని ఏం ఆలోచిస్తున్నానో రాయను.

ఆగస్టు 4

అడిగేశాను. ఇంట్లో ఎవరూ లేరు. గోళ్లు తీస్తూ, ఆయన చెయ్యి నా చేతిలో ఉండగా అడిగాను.

"మామా, నువ్వు సావాలని అడిగినవా ఆ పువ్వు?"

ఆయన నా మొహం చూశాడు. తర్వాత నవ్వాడు. సగం నోటితో, కడుపంతా కదిలేలా. గోళ్ల కత్తెర జారి కింద పడింది. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుని, గోడ మీద అత్తమ్మ ఫోటో చూపించాడు. చేతితో పువ్వు చూపించాడు. ఒంగి అరచేత్తో నేల తట్టాడు. ఫోటో, పువ్వు, నేల.

"అత్తమ్మ సమాధి మీద ఈ పువ్వు పెట్టాలి. అంతేనా?"

అవును అనలేదు, కాదు అనలేదు. చెయ్యి అటూ ఇటూ ఊపాడు. సగం దొరికిందన్నట్టు. మళ్లీ నేల తట్టాడు.

సగమైతే సగం. విషం కోసం కాదు. అది నాకు తెలుసు. తెలిసినా ఎవరికి చెప్పాలి, ఏమని చెప్పాలి. ఆయన నవ్వాడని చెబితే పిచ్చని ఇంకా గట్టిగా అంటారు.

ఆగస్టు 9

ఈయనతో అన్నాను, "మామ రాకుంటే నేను గూడ రాను, ఊరికి."

"అన్న వద్దన్నడు గదా."

"రాను."

ఈయన నన్ను అలా చూశాడు, కుర్చీ లేచి మాట్లాడినట్టు. "సరే. అన్నకు నేను చెప్త" అన్నాడు. తర్వాత, "నువ్వు కోపం జేస్తే మంచిగున్నవ్" అన్నాడు. కోపం కాదు. భయం.

ఆగస్టు 17

ఊరి నుంచి ఇప్పుడే వచ్చాం. స్నానం కూడా చేయలేదు. మరిచిపోకముందే రాస్తాను.

కిరాయి వ్యాన్‌లో పోయాం. బావ ముందు సీటులో, మామయ్య నా పక్కన. మామయ్యను తీసుకురావడానికి బావ ఒప్పుకున్నాడు కాని, నా మీద కోపం పోలేదు. గుట్ట కనిపించగానే మామయ్య కిటికీ చువ్వ పట్టుకున్నాడు. నేను అనుకున్నంత పెద్ద గుట్ట కాదు. నల్లరాయి, మధ్యలో తుప్పలు. ఆ తుప్పల మీద అక్కడక్కడ ఎవరో నిప్పు పెట్టి మరిచిపోయినట్టు ఆ పువ్వులు. ఫోటోలో అంత ఎరుపు లేదు.

వేపచెట్టు పక్కన మేస్త్రీ అప్పటికే గుంట తీశాడు. నల్లరాయి గడ్డి మీద పడుకోబెట్టి ఉంది. పాస్టరయ్య, ఊరివాళ్లు, దుప్పట్లు, అన్నం గిన్నెలు. మామయ్యను కుర్చీలో వేపచెట్టు దగ్గర దించగానే మొదలుపెట్టాడు. ఆ, ఆ. చెయ్యి ఎత్తి అదే.

"పువ్వే గదా నాయినా? ఆగు, తెస్త" అని ఈయన ప్యాంటు మడిచి గుట్ట ఎక్కాడు. ముళ్లు గీరుకుని, చేతి నిండా పువ్వులతో దిగాడు. అక్క, "గడ్డలు తేలేదు గదా" అని జేబులు కూడా చూసింది. ఈయన పువ్వులు మామయ్య ఒళ్లో పోశాడు. మామయ్య ఒకటి తీసి చూసి, మిగతావి దులిపేశాడు. అరచేత్తో కుర్చీ చెయ్యి కొట్టాడు, నేలను చూపించాడు. బావ రెండు చేతులతో తల పట్టుకున్నాడు. "చూసినవా? తెచ్చినా వద్దంటడు. ఏం గావాల్నో ఆయనకే తెల్వదు. మేస్త్రీ, నువ్వు కానియ్."

మేస్త్రీ రాయి కింద గడ్డపార పెట్టాడు.

నాకు అప్పుడు తట్టింది. గుట్ట మీది పువ్వు కాదు. గుట్ట మీద అది ఊరికే మొలుస్తుంది, దానికి తుప్పలున్నాయి. ఈ సమాధుల తోట ఒట్టి నేల. ఇక్కడ అది మొలిస్తే ఎవరో పెట్టినట్టు. మే నెలలో వచ్చినవాళ్లకు కనిపించదు. మామయ్య పువ్వు అడగడం లేదు. పువ్వు ఉన్న చోటు చెబుతున్నాడు.

ఇదంతా నేను ఎవరికీ చెప్పలేదు. చెప్పేంత మాట నాకు రాదు. లేచి నడిచాను. కుప్పల మధ్య, గడ్డిలో చూసుకుంటూ. ఊరి ఆడవాళ్లు గుసగుసలాడారు. ఆ కొస దాకా పోయాను. బండరాయి దాటాక, ఎండిన ముళ్లకొమ్మలు కొన్ని గుడిసెలాగ ఆనించి కట్టి ఉన్నాయి. చివికిపోయి ఒక పక్కకు ఒరిగాయి. ఈ ఏడు వాటిని మార్చడానికి మనిషి రాలేదు. ఆ కొమ్మలను పట్టుకుని కొంత, పట్టుకునేది దొరకక నేల మీద పాకుతూ కొంత, నాభి తీగె. దాని నిండా పువ్వులు. చుట్టుపక్కల ఇంకెక్కడా ఒక్కటి లేదు.

"శాంసన్!" అని అరిచాను.

భర్తను పేరు పెట్టి, పాస్టరయ్య ముందు, ఊరందరి ముందు. ఎవరో ముసలామె, "ఓయమ్మో, పట్నం కోడలు" అని నవ్వింది. ఈయన పరుగెత్తుకొచ్చాడు. చూశాడు. వెనక్కి తిరిగి, "అన్నా, ఇటు రా. గా రాయి ఆపు" అని అరిచాడు.

బావ నమ్మలేదు. "అడవి మొక్క అడవిల మొలవక ఏడ మొలుస్తది?" అన్నాడు. అప్పుడు నవ్విన ఆ ముసలామె వచ్చింది. పేరు అండాలమ్మ. వాళ్లది హిందువుల ఇల్లు, వాళ్ల చేను తోటను ఆనుకునే ఉంది. ఆమె తీగెను చూసి చెంపలు వేసుకుంది.

"ఇది కొమరయ్య పెట్టిందే గదరా. వానాకాలం మొదట్ల ఒచ్చి కంప కడుతుండె. నేను అడిగిన, పూలచెట్టు పెట్టరాదు, గీ విషం ఎందుకయ్యా అని. అడవిపందులు ఒచ్చి కొత్త మట్టి తవ్వుతయి అత్తా, మేకలు ఎక్కి తొక్కుతయి, సిమెంటు ఎయ్యనీకె నా తాన లేదు, దీన్నయితే ఏ జీవం ముట్టది, నా మనిషి నిమ్మళంగ పండుకుంటది అన్నడు."

అక్క నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

బావ మోకాళ్ల మీద కూర్చుని తీగె మొదలు దగ్గర మట్టి చేత్తో గోకాడు. చెయ్యంత రాయి ఒకటి బయటపడింది. దాని మీద ఉలితో కొట్టిన మూడు గీతలు, పక్కన ఒక చుక్క. క్వారీలో ఎవరు కొట్టిన రాయి మీద వాళ్ల గుర్తు వేసుకుంటారట, లెక్కకు. బావ ఆ గీతల మీద వేలు పెట్టి తడిమాడు. "ఇది నాయిన గుర్తు. చిన్నప్పుడు సెలవులకు ఒస్తే గీ గుర్తున్న రాళ్లే నేను లారీలకు ఎత్తింది" అన్నాడు. తర్వాత మాట రాలేదు. ఇప్పుడు మా ఇంట్లో మాట రానివాళ్లు ముగ్గురయ్యారు అనిపించింది.

మామయ్యను కుర్చీతో సహా అన్నదమ్ములు మోసుకొచ్చారు. తీగె పక్కన దించారు. ఆయన అరవలేదు. పక్కకు ఒంగి, ఒరిగిన కొమ్మను ఎడమ చేత్తో నిలబెట్టబోయాడు. ఈయన ఇంకో కొమ్మ పట్టాడు, బావ ఇంకొకటి. మేస్త్రీ వేపచెట్టు దగ్గరి గుంట పూడ్చి, రాయి ఇక్కడికి తెచ్చాడు. తీగె కదలకుండా తలవైపు నిలబెట్టాడు. ప్రార్థన అయ్యేసరికి పొద్దు వాలింది.

అన్నాల దగ్గర బావ మామయ్య ముందు కింద కూర్చున్నాడు. "నాయినా, నాదర్‌గుల్‌కు ఫోన్ జేసి వద్దని చెప్పిన. నువ్వు ఏడ ఉంటవ్? నా తానికి ఒస్తవా?" అన్నాడు. అడిగి, ఆగాడు. ఇన్నాళ్లు ఈయనా, బావా, అక్కా, నేను కూడా, అడిగి మేమే జవాబు చెప్పుకునేవాళ్లం. మామయ్య ఒకరి తర్వాత ఒకరిని చూశాడు. అన్నం గిన్నె చూపించాడు. ముందు పెట్టండి, తర్వాత మాట్లాడదాం అన్నట్టు. అందరూ నవ్వారు. బావ ఏడుస్తూ నవ్వాడు.

తిన్నాక బావ మళ్లీ అదే అన్నాడు, మీర్‌పేటకు తీసుకుపోతానని. నేను చెయ్యి కడుగుతూ ఉన్నాను. నోరు ఎండలేదు.

"బావా, పండుగలకు తీసుకపోండి, నెలకోపారి తీసుకపోండి. ఉండేది మాత్రం మా తాననే. నాకు మామ కావాలె."

అక్క నన్ను కింది నుంచి పైదాకా చూసింది. "అబ్బో, దీనికి నోరున్నది" అంది. తర్వాత నా పళ్లెంలో కూర వేసింది.

ఆగస్టు 21

బావ రోజూ సాయంత్రం ఫోను చేస్తున్నాడు. నేను మామయ్య చెవి దగ్గర పెడతాను. బావ ఆఫీసు సంగతులు చెప్పి, ఏదో అడిగి, ఆగుతాడు. మామయ్య ఆ అంటాడు. మళ్లీ ఆగుతాడు. అవతల మనిషి జవాబు కోసం ఆగితే ఫోనులో కూడా తెలుస్తుంది.

దవాఖానలో మాట నేర్పే డాక్టరు దగ్గరికి వచ్చే వారం నుంచి తీసుకుపోవాలి. బావ సెలవు పెడతానన్నాడు.

ఆగస్టు 24

ఈయన అడిగాడు, "ఏం రాస్తున్నవ్ అంతగనం? నేనున్ననా అండ్ల?"

లేవన్నాను.

ఇక రాసేదేం లేదు. చెప్పాల్సింది చెప్పడానికి మనుషులు దొరికారు. అయినా చివరిగా ఒక మాట. ఏవయ్యా, బియ్యం డబ్బా జరిపింది నువ్వే అయితే, ఇంత దాకా చదివేసి ఉంటావు, నాకు తెలుసు. చదివినట్టు నాతో అనకు, సిగ్గుతో వారం రోజులు నీ మొహం చూడలేను. నీ గురించి ఉన్న చోట్లు ఇంకోసారి చదువుకో. ఫ్లైఓవర్ కింద వాన ఆగిన తర్వాతి సంగతి నేను రాయలేదు, అది నీకు తెలిసిందే. చదవడం అయ్యాక మేడ మీద, లలితకుమారిగారు చూడకుండా, కాల్చెయ్యి. బూడిద మందారం కుండీలో పొయ్యి.